మెరిసే వెండి చెంబులో మనం కనబడకుండా ఫోటో తీయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంటి నుంచి వెండి పూజా సామాను, ఇత్తడి కుందులు, స్టీలు గిన్నెలు అమ్ముతున్నారు. ఫోన్‌తో ఫోటో తీస్తే చెంబు మీద మీ మొహం, ఫోను, ట్యూబ్‌లైటు, ఫ్యాను రెక్కలు అన్నీ కనబడుతున్నాయి. చెంబు పొట్ట కింది భాగంలో ఎక్కడిదో తెలియని ఎర్రటి మరక కూడా ఒకటి ఉంది. పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే అద్దం) కొంటే ఇవి పోతాయా, లేక లైట్ బాక్స్ (వస్తువును లోపల పెట్టి తీసే తెల్లటి పెట్టె) కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఫిల్టర్ కొనకండి, అది ఈ పనికి రాదు. లైట్ బాక్స్ సగం పని చేస్తుంది, మిగతా సగం చెడగొడుతుంది. మీకు కావలసింది నాలుగు తెల్ల సన్‌బోర్డు (ఫ్లెక్సీ షాపుల్లో వాడే తేలికైన గట్టి ప్లాస్టిక్ అట్ట) ముక్కలు, రెండు ట్రేసింగ్ పేపర్ షీట్లు, ఒక తెల్ల చార్టు, రెండు నల్ల చార్టులు, ఒక కిటికీ. గదిలో లైట్లన్నీ ఆపేసి, చెంబు చుట్టూ ఈ తెల్లటి వాటిని నిలబెట్టి, ఫోన్‌ను దూరంగా పెట్టి జూమ్‌తో తీయండి. మీ ఫోటోలు ఈ వారంలోనే మారిపోతాయి.

నేను హనుమకొండలో చిన్న స్టూడియో నడుపుతాను. పెళ్లిళ్లతో మొదలుపెట్టాను కానీ, 14 ఏళ్లుగా ఎక్కువగా సామాన్ల ఫోటోలే తీస్తున్నాను. అందులో లోహపు వస్తువులే ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మట్టి కుండ మీద పడ్డ వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోతుంది, అందుకే మనకు కుండ రంగు కనబడుతుంది. మెరుగు పెట్టిన వెండి అలా చేయదు. అద్దం లాగా ఒక్క దిక్కుకే తిప్పి కొడుతుంది. క్యారమ్స్ ఆడినవాళ్లకు ఈ లెక్క తెలుసు. స్ట్రైకర్ అంచుకు ఎంత వాలుగా తగిలితే అంతే వాలుగా అవతలికి పోతుంది. వెలుగు కూడా అంతే. కాబట్టి చెంబు ఫోటోలో మనం చూసేదంతా చెంబు చుట్టూ ఉన్న గదే. ప్రతిబింబాన్ని తీసేయడం కుదరదు. తీసేస్తే మిగిలేది నల్లటి ముద్ద. చెంబులో ఏం కనబడాలో మనం ఎంచుకోవడం మాత్రమే మన చేతిలో ఉంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతావన్నీ మీకే తడతాయి.

ఫిల్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. గాజు, నీళ్లు, వార్నిష్ వేసిన చెక్క, వీటి మీద వాలుగా పడి తిరిగొచ్చే వెలుగు చాలావరకు ఒకే తలంలో కంపిస్తుంది. ఉపరితలం మీది నిటారు గీత నుంచి కొలిస్తే, గాజుకైతే సుమారు 56 డిగ్రీల దగ్గర, నీటికైతే 53 దగ్గర ఇది బాగా జరుగుతుంది. పోలరైజర్ ఆ తలాన్ని అడ్డుకుంటుంది, మెరుపు పోతుంది. లోహం మీద నుంచి వచ్చే వెలుగు అలా ఒక తలానికి సర్దుకోదు. ఫిల్టర్‌ను ఎంత తిప్పినా ట్యూబ్‌లైటు అక్కడే ఉంటుంది. లైటు ముందు కూడా పోలరైజింగ్ షీటు పెట్టి, లెన్స్ మీది ఫిల్టర్‌ను దానికి అడ్డంగా తిప్పితే మెరుపు నిజంగానే పోతుంది. నేను చేసి చూశాను. వెండి గిన్నె సీసపు గిన్నెలా, జీవం లేకుండా వచ్చింది. కొనేవాళ్లు చూసేదే ఆ తళతళ. దాన్ని చంపి ఫోటో తీస్తే ఏం లాభం?

ఇక అసలు పనిలోకి వద్దాం. వస్తువు ఆకారాన్ని బట్టి కష్టం మారుతుంది.

పళ్లెం, నాణెం లాంటి బల్లపరుపు వస్తువులు తేలిక. అవి ఒక్క చోటును మాత్రమే చూస్తాయి. లెన్స్ ఉన్న చోట ఒక కన్ను పెట్టి, రెండో కన్ను మూసి, పక్కన ఎవరినైనా తెల్ల అట్ట పట్టుకుని మెల్లగా జరపమనండి. పళ్లెంలో ఆ అట్ట నిండుగా కనబడిన చోట ఆపేయండి. అట్ట ఉండాల్సింది అక్కడే. వెండి లక్ష్మీ రూపును తిన్నగా పైనుంచి తీయాల్సి వస్తే మాత్రం ఆ చోటులో కెమెరాయే ఉంటుంది. అప్పుడు నేను నాణేనికీ లెన్స్‌కూ మధ్య ఒక పలచటి గాజు పలకను 45 డిగ్రీల వాలులో పెట్టి, పక్కనుంచి వెలుగు ఇస్తాను. గాజు ఆ వెలుగులో కొంత నాణెం మీదికి తిప్పుతుంది, కెమెరా ఆ గాజులోంచే చూస్తుంది. ఫోటో ఫ్రేము గాజుతోనే చేసుకోవచ్చు.

గ్లాసు, టిఫిన్ క్యారియర్ లాంటి నిలువు గొట్టాలు మధ్యరకం. అవి అడ్డంగా చాలా దూరం చూస్తాయి కానీ పైకీ కిందికీ పెద్దగా చూడవు. అసలు పరీక్ష చెంబు, కలశం, గంట లాంటి గుండ్రటి వాటితోనే. నున్నటి గుండు తన వెనకాల ఉన్న కొద్ది భాగం తప్ప గదినంతా తనలో చూపిస్తుంది. కెమెరా ఎక్కడున్నా అందులో కనబడాల్సిందే. ఎంత చిన్నగా కనబడాలన్నదే మన చేతిలో ఉంది.

మీరు పెట్టిన ఫోటో కూడా చెంబుదే కాబట్టి దాన్నే తీద్దాం. నేను ఇంట్లో ఎలా తీస్తానో అలాగే చెప్తాను.

కిటికీ పక్కన బల్ల వేయండి. బల్ల మీద తెల్ల చార్టు పరిచి, వెనక్కి వంపు తిప్పి గోడకో కుర్చీకో అంటించండి, మడత రాకూడదు. కిటికీ వైపు, చెంబుకు అడుగు దూరంలో, చెక్క ఫ్రేముకు బిగించిన ట్రేసింగ్ పేపర్ నిలబెట్టండి. రెండో వైపు జానెడు దూరంలో తెల్ల సన్‌బోర్డు. పైన కప్పులా ఇంకో ట్రేసింగ్ పేపర్. ముందు వైపు ఇంకో సన్‌బోర్డు, దానికి రెండు అంగుళాల రంధ్రం. ఆ రంధ్రం వెనక ఫోను, చెంబుకు కనీసం మూడడుగుల దూరంలో, స్టాండు మీద. 2 ఎక్స్ లేదా 3 ఎక్స్ జూమ్ పెట్టి, మూడు సెకన్ల టైమర్ నొక్కి మీరు పక్కకు జరగండి.

ఇప్పుడు స్క్రీన్ మీద చెంబును దగ్గరికి లాగి చూడండి. బోర్డులు కలిసిన చోట్లల్లా చెంబు మీద సన్నటి నల్ల గీతలు ఉంటాయి. అవి మధ్యలోని ఖాళీలు. అక్కడ తెల్ల కాగితం ముక్క అతికించండి, లేదా ఒకే పెద్ద షీటును పాకలా వంచి వేయండి. మధ్యలో లెన్స్ నల్ల చుక్కలా కనబడుతుంది. ఫోన్‌ను కొంచెం పైకి లేపి కిందికి వాలిస్తే ఆ చుక్క చెంబు మెడ దగ్గరి చెక్కడంలోకో, అంచు నీడలోకో చేరి కలిసిపోతుంది. అప్పటికీ మిగిలితే ఫోన్‌లోనే చెరిపేయండి. అందులో తప్పేమీ లేదు. పెద్ద ప్రకటనల్లో చూసే లోహపు వస్తువుల ఫోటోలు కూడా చాలావరకు రెండు మూడు ఫోటోలు కలిపి చేసినవే. గీతలు, సొట్టలు మాత్రం చెరపకండి. కొన్నవాళ్లు పెట్టె విప్పగానే మొదట వేలు పెట్టేది అక్కడే.

కాగితం విషయంలో ఒక హెచ్చరిక. ట్రేసింగ్ పేపర్ ఎందుకు, ఇంట్లో తెల్ల పంచె ఉంది కదా అనిపిస్తుంది. మొదట్లో నేనూ పంచెతోనే తీశాను. రెండు ఇబ్బందులు వచ్చాయి. గుడ్డలోని ప్రతి మడతా వెండి మీద గీతలా దిగింది. పైగా ఆ పంచె నీలిమందు పెట్టి ఉతికింది కావడంతో 20 వెండి గిన్నెలూ లేత నీలంగా వచ్చాయి. మళ్లీ అన్నీ తీయాల్సి వచ్చింది. బటర్ పేపర్ కాస్త పసుపు పచ్చన లాగుతుంది, అది ఇత్తడికి ఫరవాలేదు, వెండికి వద్దు. థర్మాకోల్ చవకే కానీ, దగ్గరగా పెడితే నున్నటి స్టీలు మీద దాని గింజలు కూడా కనబడతాయి. ఫ్లెక్సీ షాపుల్లో మిగిలిపోయిన సన్‌బోర్డు ముక్కలు అడిగితే తక్కువకే ఇస్తారు.

అన్ని వైపులా ఒకే తెలుపు పెడితే వస్తువు చచ్చిపోతుంది. లైట్ బాక్స్‌తో వచ్చే తంటా ఇదే. ఫ్యాను పోతుంది, మొహం పోతుంది, దాంతోపాటు చెంబు గుండ్రతనం కూడా పోతుంది. కాగితంలో కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. గుండ్రంగా ఉందని కంటికి తెలియాలంటే వెలుగు ఒక చోట గట్టిగా ఉండి, అక్కడి నుంచి మెల్లమెల్లగా బూడిద రంగులోకి జారాలి. కిటికీ వైపు ట్రేసింగ్ పేపర్ పెట్టమన్నది అందుకే. లైటుతో తీసేటట్టయితే లైటును కాగితానికి దగ్గరగా పెట్టండి, నడుమ తెల్లగా ఉండి అంచులు మసకబారతాయి. దూరం జరిపితే కాగితమంతా ఒకేలా వెలిగి చప్పగా అవుతుంది. అరగంట కూర్చుని లైటును అంగుళం అంగుళం జరుపుతూ చెంబు వైపే చూడండి. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన అరగంట అదే. ఒక్కసారిగా లోహం లోహంలా కనబడే చోటు ఒకటి వస్తుంది, మీకే తెలుస్తుంది.

తెల్ల నేపథ్యం మీద వెండి పెడితే ఇంకో చిక్కు ఉంది, అంచులు కనబడవు. చెంబు ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఇక్కడే నల్ల చార్టు పని. రెండు అంగుళాల వెడల్పున పట్టీలు కోసి, చెంబుకు అటూ ఇటూ, కాస్త వెనగ్గా, ఫ్రేములో పడకుండా సరిగ్గా బయట నిలబెట్టండి. చెంబు అంచుల వెంట సన్నటి నల్ల గీత పెన్సిల్‌తో గీసినట్టు వస్తుంది. పట్టీని దగ్గరికి జరిపితే గీత లావవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది. వెనక ఉన్న తెల్ల చార్టు కూడా ఫ్రేముకు సరిపడా ఉంటే చాలు, ఎక్కువ వద్దు. అమెజాన్‌లో పెట్టేటట్టయితే మొదటి ఫోటోకు నేపథ్యం పూర్తి తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల అంకెలూ 255 ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి అనే నియమం ఉంది. నల్ల పట్టీ లేకుండా ఆ తెలుపులో వెండిని నిలబెట్టడం చాలా కష్టం.

ఇత్తడికి నల్ల పట్టీ పెడితే మొరటుగా ఉంటుంది, మసి పట్టినట్టు. నేను మామూలు అట్టపెట్టె ముక్కలు, ముదురు గోధుమ రంగువి వాడతాను. చుట్టూ పెట్టే బోర్డుల్లో కూడా ఒకటి మీగడ రంగుది పెడితే ఇత్తడి వెచ్చగా, నూనె దీపం దగ్గర చూసినట్టు ఉంటుంది.

ఇత్తడి అంటే ఒక అనుభవం చెప్పాలి. మా ఊరి నుంచి హైదరాబాద్ దారిలో జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి బొమ్మ తేల్చే పనివాళ్ల ఊరు అది. అక్కడ ఒక మకరతోరణం ఫోటో తీయడానికి వెళ్లాను. బరువైనది, లోపల చోటు లేదు, బయట వేపచెట్టు నీడలో నిలబెట్టి తీశాను. మంచి మెత్తటి వెలుగు, ఏ తప్పూ లేదనుకున్నాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఇత్తడంతా పచ్చగా ఉంది. ప్రతి వంపులోనూ వేపాకు దిగింది. వైట్ బ్యాలెన్స్ (ఫోటో మొత్తం రంగును సరిచేసే సర్దుబాటు) మార్చినా పోలేదు, ఎందుకంటే పచ్చదనం ఒక చోట ఉంది, ఒక చోట లేదు. రెండోసారి వెళ్లి, చెట్టుకూ తోరణానికీ మధ్య నీలిమందు పెట్టని తెల్లటి గుడ్డ పందిరిలా కట్టి తీశాను. సుత్తి దెబ్బల గరుకు ఉన్న ఇత్తడి కాబట్టి గుడ్డ మడతలు అందులో కనబడలేదు. పైగా అలాంటి తేలిన పనికి వెలుగు పక్కనుంచి, కిందుగా రావాలి. నెమలి ఈకలోని ప్రతి గీతకూ నీడ పడాలి, లేకపోతే కళాకారుడు పడిన కష్టం కనబడదు. అలా తీసిన ఫోటో చూసి ఆ కళాకారుడు ‘నేను కొట్టింది కొట్టినట్టు ఉంది సార్’ అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఇంతసేపూ పెద్ద మెత్తటి వెలుగు అన్నాను కదా, దానికి పెద్ద మినహాయింపు తీగ పని. కరీంనగర్ వెండి నగిషీ మీరు అమ్ముతున్నారో లేదో తెలియదు, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. వెండిని సన్నటి తీగలుగా లాగి, మెలిపెట్టి, చుట్టలు చుట్టి, ఫ్రేములో అతికి పన్నీరు బుడ్లు, భరిణెలు, పళ్లేలు చేస్తారు. అలాంటి ఒక భరిణెను నేను అలవాటుగా అన్ని వైపులా తెల్లబోర్డులు పెట్టి తీశాను. తీగలన్నీ తెలుపులో కరిగిపోయి, సున్నం ముద్దలా వచ్చింది. తీగ పనిలో వెయ్యి చిన్న చిన్న గుండ్రతనాలు ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో చుక్క వెలుగు పట్టుకోవాలి. పెద్ద వెలుగు ఇస్తే ఆ చుక్కలన్నీ ఒకదాన్నొకటి మింగేస్తాయి. కాబట్టి వెనకా కిందా నల్ల వెల్వెట్, పక్కనుంచి ఒక చిన్న లైటు, ఎదురుగా చిన్న తెల్ల అట్ట. అంతే, తీగ తీగా విడిపోయి కనబడింది. వస్తువు లోపల కూడా ఒక నల్ల గుడ్డ ముక్క వేస్తే అవతలి వైపు తీగలు అడ్డురావు.

వెండి మీది 925 ముద్రను (92.5 శాతం స్వచ్ఛమైన వెండి అని చెప్పే గుర్తు) దగ్గరగా తీసి పెట్టండి, కొనేవాళ్లకు అది ధైర్యం. టార్చిని దాదాపు వస్తువుకు ఆనించి పక్కనుంచి కొడితే అంకెలు తేలి కనబడతాయి.

వెలుగు సంగతి. ఎండ నేరుగా పడని కిటికీ కావాలి. ఉత్తరం కిటికీ మంచిదని చాలాచోట్ల రాస్తారు, నిజమే, కానీ వేసవిలో మన దగ్గర సరిగ్గా కుదరదు. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మన హైదరాబాద్, వరంగల్ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు కూడా కొంచెం ఉత్తరానికే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి ఎండ లోపలికే వస్తుంది. ఆ రోజుల్లో కాగితం రెండు వరసలు వేయండి. కిటికీ వెలుగుతో తీసేటప్పుడు ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగకూడదు. వెండి మీద ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు పడితే ఏ యాప్‌తోనూ సరిచేయలేరు. లైటు కొనాలనుకుంటే సీఆర్‌ఐ (రంగులను ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్‌ఈడీ ఒకటి కొనండి, రెండు నాసిరకం లైట్ల కంటే అది మేలు. ఫ్యాను కూడా ఆపేయండి, కాగితం ఊగితే వెలుగు ఊగుతుంది.

ఫోన్‌లో ఫ్లాష్, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ తీసేయండి. పోర్ట్రెయిట్ మోడ్ చెంబు అంచును నేపథ్యం అనుకుని మసకబరుస్తుంది. చెంబు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, స్క్రీన్ మీది వెలుగు సర్దుబాటును పైకి జరుపుతూ తెల్ల మెరుపులో వివరం పోకముందే ఆగండి. చాలా ఫోన్లు మరీ దగ్గరగా వెళ్తే జూమ్ లెన్స్ వదిలేసి మామూలు లెన్స్‌కు మారిపోతాయి. జూమ్ లెన్స్‌ను వేలితో మూసి చూడండి. స్క్రీన్ నల్లబడకపోతే మీరు ఇంకా వెనక్కి జరగాలి. కెమెరా ఉంటే ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 11, స్టాండు మీద. షట్టర్ ఎంత నెమ్మదిగా ఉన్నా ఫరవాలేదు, చెంబు కదలదు.

తుడవడం కూడా ఫోటోలో భాగమే. చింతపండుతో తోమిన ఇత్తడిని వెంటనే కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తండి, లేకపోతే నీటిచుక్కల మచ్చలు పడతాయి. వెండిని టూత్‌పేస్టుతో రుద్దకండి, పక్క వెలుగులో సన్నగీతలన్నీ బయటపడతాయి. చివరి తుడుపు తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. నూలు చేతి తొడుగులో, మెత్తటి గుడ్డో వాడండి. మెరుపు తగ్గించే స్ప్రేలు కూడా దొరుకుతాయి. తినే గిన్నెల మీద, రాళ్లు పొదిగిన వాటి మీద, ఎవరైనా వాడబోయే వస్తువు మీద నేను అవి కొట్టను, మీరూ కొట్టకండి.

చివరగా మీ ఫోటోలోని ఎర్ర మరక. చెంబు పొట్ట నడుమ కనబడేది కెమెరా. దానికి పైన కనబడేవి గది పైభాగం, కింద కనబడేవి బల్ల ముందు ఉన్నవి. మీ మరక నడుమకు కింద, సరిగ్గా ఫోనుకు దిగువన, కిందికి వెడల్పవుతూ ఉంది. అంటే అది బల్ల ముందు నిలబడ్డ మీరే, మీ చీర కావచ్చు. బల్ల అంచు నుంచి రంధ్రం ఉన్న బోర్డు దాకా కింద ఇంకో తెల్ల అట్ట పరిచి, ఆ రోజుకు బూడిద రంగు దుస్తులు వేసుకుని తీయండి. మరక పోతుంది. తీశాక ఫోటో ఇక్కడే పెట్టండి, చూస్తాను.